చిలకపచ్చ తెర మీద తెల్ల చుక్కలు

వెబ్‌సైట్లు చేయడం నేర్చుకోవాలంటే ఎన్నాళ్లు పడుతుందని ఈమధ్య పిల్లలు నన్ను అడుగుతున్నారు. బాబుపేట్‌లో మా గల్లీలో పన్నెండో తరగతి పాసైన ప్రతి పిల్లా ఏదో ఒక సాయంత్రం వాళ్లమ్మ పంపించగా వచ్చి, చాయ్ తాగి, ఈ ప్రశ్న వేస్తుంది. నోటికొచ్చింది చెప్పి పంపేయొచ్చు. కానీ ఒకసారి ఇదే ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పి నేను పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు. అందుకే ఇప్పుడెవరడిగినా ముందు ఇంకో కప్పు పోసి మాట మారుస్తాను. ఒకసారి రాసి పెడితే ఆ చాయ్‌పత్తీ అయినా మిగులుతుందని కూర్చున్నాను. నేను చదువుకున్నది మరాఠీ బడిలో, ఉద్యోగం చేసింది ఇంగ్లీషులో. తెలుగు అక్షరాలు మా అమ్మ పలక మీద దిద్దించింది, అంతే. కాస్త సర్దుకుని చదవండి.

రాజురా వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో నేను టైపిస్టుని. ఒకే గదిలో నలుగురం, నాలుగు మిషన్లు. ఆ చప్పుడులో ఎవరేం చెప్పాలన్నా అరిచి చెప్పాల్సిందే. ఇప్పటికీ నేను ఫోన్లో మాట్లాడితే అవతలివాళ్లు ఫోన్ చెవికి దూరంగా పెట్టుకుంటారు. మా నలుగురిలో పెద్దామెను అందరం అక్క అనేవాళ్లం. ఆమె స్పీడు ఆ జిల్లాలో ఇంకెవరికీ లేదని మా నమ్మకం. మీటల వైపు చూసేది కాదు, కాగితం వైపూ చూసేది కాదు. మా ముఖాల్లోకి చూస్తూ గుత్తొంకాయలో ఏమేం నూరి పెట్టాలో చెబుతూనే మూడు పేజీల టెండరు కొట్టి పడేసేది. ఒక్క అక్షరం తప్పు పడితే మొత్తం కాగితం లాగి అవతల పడేసి మళ్లీ మొదలుపెట్టేది. రబ్బరుతో చెరిపితే ఆమెకు మొహం చెల్లేది కాదు.

అవి తొంభైల చివరి రోజులు. సర్కారు వ్యాపారానికి తలుపులన్నీ తెరిచేసిందని పేపర్లలో రాసేవారు. ఆ తలుపుల్లోంచి మా ఫ్యాక్టరీకి ముందు కొత్త యజమానులు వచ్చారు. వాళ్ల వెనకే సర్‌ప్లస్ లిస్టు అనే మాట వచ్చింది. అంటే అవసరానికి మించి ఉన్న మనుషుల పట్టిక. అందులో పేరు పడితే ఒక దండ, ఒక గడియారం ఇచ్చి ఇంటికి పంపుతారు.

ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనెల్ మేనేజరు ఒకరోజు మా నలుగురినీ పిలిచాడు. గుంటూరు వైపు మనిషి. చెడ్డ కబురు కూడా పెళ్లి పిలుపంత మర్యాదగా చెప్పేవాడు.

"చూడండమ్మా, నేను దాచిపెట్టి మాట్లాడను. మూడు నెలల్లో టైపు మిషన్లన్నీ తీసేస్తున్నారు. కంప్యూటర్ మీద ఒక్క పోస్టు ఇచ్చారు. ఒక్కటేనండి. ఫ్యాక్టరీకి వెబ్‌సైట్ కావాలని పైవాళ్లు అడుగుతున్నారు. మీలో ఎవరో ఒకరు నేర్చుకుని డైరెక్టరు గారు వచ్చేనాటికి చేసి చూపిస్తే ఆ కుర్చీ వాళ్లది. చేయలేకపోతే నాగపూర్ నుంచి ఎవరినో తెచ్చుకుంటారు. అప్పుడు మీ నలుగురి పేర్లూ లిస్టులోకి పోతాయి."

బయటికొచ్చి వరండాలో నిలబడ్డాం. వెబ్‌సైట్ అంటే ఏమిటో ఒక్కరికీ తెలియదు. అక్క నా వైపు చూసి, "నువ్వు పో," అన్నది.

"నేనెందుకక్కా? మా అందరికంటే నువ్వే ఫాస్టు గదా."

"ఫాస్టు ఉన్నోళ్లకు నేర్సుకునేదేముంటది? స్లో ఉన్నోళ్లనే పంపాలె. మా ముగ్గురి పిల్లలు పెద్దగైన్రు. నీ చిన్నది ఇంక మూడో తరగతి. పో, ఎక్కువ మాట్లాడకు."

మిగతా ఇద్దరూ తలూపారు. అట్లా ఎంపికయ్యాను. ప్రతిభను చూసి కాదు.

మర్నాడు మేనేజరు అడిగాడు, ఎన్నాళ్లు పడుతుందమ్మా నేర్చుకోవడానికి అని. నేను తడుముకోకుండా ఇరవై ఒక్క రోజులు సార్ అన్నాను. రోజూ నేను బస్సెక్కే చోట ఒక గోడ మీద మరాఠీలో పెద్ద పెద్ద నీలం అక్షరాలతో అట్లాగే రాసి ఉండేది, ఇరవై ఒక్క రోజుల్లో వెబ్‌సైట్ నేర్చుకోండి అని. గోడ మీద అంత పెద్దగా రాసింది అబద్ధమవుతుందని నేనెందుకనుకుంటాను? ఆయన డైరీలో రాసుకున్నాడు. డైరెక్టరు రావడానికి నెలన్నర ఉంది. బోలెడు టైముందని ఇద్దరం సంతోషపడ్డాం.

మా ఆయన సాస్తి బొగ్గు గనిలో డంపర్లు నడిపేవాళ్ల మీద ఫోర్‌మన్. ఇంటికెళ్లి చెబితే అన్నం ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"మాకాడ ఆరు నెలలదాంక కొత్తోన్ని స్టీరింగ్ ముట్టనియ్యం. నువ్వు ఇరవై ఒక్క రోజుల్ల దునియా అంత కనబడేటిది చేస్తనని చెప్పి వచ్చినవా?"

"నీ డంపర్ బోల్తా కొడితే మనిషి పోతడు. నాది బోల్తా కొడితే స్విచ్చి బంద్ చేసుడే," అన్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదనుకోండి, అది వేరే సంగతి.

ఆ గోడ తాలూకు క్లాసు ఒక పిండి గిర్నీ పైన ఉండేది. చెప్పులు మెట్ల దగ్గర విడవాలి. లోపల తొమ్మిది మంది విద్యార్థులు, ఒక కంప్యూటర్. ఉన్న ఒక్క కూలర్ దాని వైపే తిరిగి ఉండేది, మేం చెమటలు కక్కుకుంటూ కూర్చునేవాళ్లం. నేర్పే అమ్మాయికి ఇరవై రెండేళ్లుంటాయి. నన్ను కాకూ, అంటే పిన్నీ, అని పిలిచేది. నేనామెను మేడం అనేదాన్ని. ఆమె పుస్తకం చూసి పాఠం చెప్పేది. నాకు షార్ట్‌హ్యాండ్ వచ్చు కదా, ఆమె నోట్లోంచి వచ్చినది వచ్చినట్టు రాసుకునేదాన్ని. మర్నాడు ఆఫీసులో దాన్ని మిషన్ మీద శుభ్రంగా టైపు చేసి అక్కకు ఇచ్చేదాన్ని, తప్పులు చూడమని.

"ఇగో, ఈ 'సమజ్లా కా' అనేది ఏం ట్యాగే? ప్రతి నాలుగు లైన్లకొకటి ఉన్నది," అన్నది అక్క మొదటిరోజు.

అది ట్యాగ్ కాదు, మేడం మధ్యమధ్యలో అర్థమైందా అని అడిగిన మాట. టైపిస్టు బుద్ధి అంటే అదే. ముందున్నది ఉన్నట్టు కొట్టడమే గాని అర్థంతో మనకు పనిలేదు. ట్యాగ్ అంటే తెరకు మనమిచ్చే హుకుం అని, ఒకటి తెరిచే ట్యాగుంటే దాన్ని మూసే ట్యాగు కూడా ఉండాలని నాకు అర్థమైనంత వరకు అక్కకు చెప్పాను.

"తెరిచి మూయకపోతే ఏమైతది?"

"కిందున్నదంత లావు అక్షరాలైపోతదక్కా."

"మరి మూయాలె. గింత సంగతికి క్లాసెందుకు?"

ఆమె నా కాగితాలన్నీ అట్లా చూసేది. ఎక్కడ మూయడం మరిచినా పెన్సిల్‌తో సున్నా చుట్టేది.

ఆఫీసులో కంప్యూటర్ మేనేజరు పక్క గదిలో ఉండేది. నాకు రోజుకొక గంట ఇచ్చారు. వెబ్‌సైట్‌లో ముఖ్యమైనది డీలర్ల పట్టిక అన్నారు. నాలుగు వందల పైచిలుకు డీలర్లు, వాళ్ల ఊరు, తాలూకా, ఫోన్ నంబరు. ముందు మిషన్ మీద కొట్టాను. అక్షరాలు లెక్కపెట్టుకుని, ఇన్ని ఖాళీలని లెక్కపెట్టుకుని, నాలుగు గళ్లూ స్కేలు పెట్టి గీసినంత సూటిగా తెచ్చాను. మేనేజరు ఎర్ర సిరాతో రెండుచోట్ల దిద్ది సంతకం పెట్టాడు. అప్పుడు అడ్డం పడ్డాడు కాకా.

కాకా మా డిస్పాచ్ క్లర్కు. మరాఠీ మనిషి, తెలుగు మా దగ్గరే నేర్చాడు. ఫ్యాక్టరీ నుంచి బయటికి పోయే ప్రతి కాగితానికీ జావక్ రిజిస్టర్‌లో నంబరు వేయడం ఆయన పని. జావక్ అంటే బయటికి పోయేది. నంబరు వేసిన కాగితం నకలొకటి ఆయన బీరువాలో ఉండి తీరాలి.

"కాకా, ఇది యాడికి పోదు. కంప్యూటర్లనే ఉంటది," అన్నాను.

"దునియా అంత కనబడుతదని సాబ్ చెప్పిండు గదా?"

"కనబడుతది."

"మరి బయటికి పోయినట్టే గదా తాయీ. నంబర్ లేకుంట ఒక్క కాగజ్ పోలేదు ఇరవై ఆరేండ్లల. నీదెట్ల పోతది?"

మేనేజరుకు చెబితే, రూల్ ప్రకారం ఆయన చెప్పింది కరెక్టే కదమ్మా అన్నాడు. దాంతో మా వెబ్ పేజీ నెత్తిన జావక్ నంబరు, తేదీ. పేజీ మార్చినప్పుడల్లా కొత్త నంబరు. నకలు కోసం ప్రతిసారీ ఒక ఫ్లాపీ. ఫ్లాపీ అంటే అరచేతంత ప్లాస్టిక్ బిళ్ల, అప్పట్లో కంప్యూటర్ ఫైళ్లు దాంట్లోనే దాచేవాళ్లం. కాకా దానికి చీటీ అంటించి, ఎర్ర దారం చుట్టి బీరువాలో పెట్టేవాడు. నేను ఆయన మొహం మీదే నవ్వేదాన్ని. ఆయన పట్టించుకునేవాడు కాదు.

మిషన్ మీద కొట్టినదాన్ని కంప్యూటర్లో ఖాళీలతో సహా కొట్టి, నంబరు వేయించి, మొదటిసారి వెబ్ పేజీగా తెర మీద తెరిచాను. నేను లెక్కపెట్టి పెట్టిన ఖాళీలన్నీ మాయం. డీలర్లు, ఊళ్లు, తాలూకాలు, ఫోన్లు అన్నీ కలిసి ఒకటే కుప్ప. సాయంత్రం మేడం దగ్గరికి పరిగెత్తాను. ఎన్ని ఖాళీలు కొట్టినా తెర ఒక్కటే చూపిస్తుంది కాకూ, మిగతావి మింగేస్తుంది అన్నది.

"మరి గళ్లు ఎట్ల వస్తాయి మేడం?"

పాపం ఆ పిల్ల ఎర్రబడ్డది. "దానికి టేబుల్ అని ఒక పాఠం ఉంది కాకూ. నేనింకా అక్కడిదాకా చదవలేదు."

అది పంతొమ్మిదో రోజు. నాకు నేర్పే మేడం నాకంటే ఒక్క పాఠం ముందుంది, అంతే. ఆమె మీద కోపం రాలేదు. ఆమె కూడా నాలాగే ఎవరికో ఇరవై ఒక్క రోజులని చెప్పేసి ఉంటుంది.

ఇక్కడ నేను తెలివి చూపించాను. మీకు నేను నేర్పేది ఏదైనా ఉంటే ఇదే, మీకు తెలివి పుట్టినప్పుడు ఎవరినైనా ఒకసారి అడగండి. టైపులో విషయసూచిక కొట్టేటప్పుడు పేరుకీ పేజీ నంబరుకీ మధ్య చుక్కలు పెడతాం. తెర ఖాళీలను మింగుతుంది గాని చుక్కలను మింగదు కదా. అందుకని ఖాళీ ఉండాల్సిన ప్రతిచోటా చుక్కలు కొట్టి, ఆ చుక్కలకు తెల్ల రంగు వేశాను. తెర తెల్లగా ఉంటుంది, చుక్కలు తెల్లగా ఉంటాయి, ఎవరికి కనబడతాయి?

అయినా గళ్లు వంకరే. మిషన్ మీద ప్రతి అక్షరానికీ ఒకటే వెడల్పు. తెర మీద కొన్ని అక్షరాలు బక్కవి, కొన్ని లావువి. లెక్క పనికిరాలేదు. ఒక్కొక్క వరుసా చూడటం, ఒక చుక్క కలపడం, మళ్లీ చూడటం, రెండు చుక్కలు తీయడం. ప్రతి వరుసలో మూడు చోట్ల రంగు ట్యాగు తెరవాలి, చుక్కలు పెట్టాలి, ట్యాగు మూయాలి. రోజూ ఆ గంటా ఇదే పని. పన్నెండు రోజులు పట్టింది. కళ్లు మూసుకుంటే చుక్కలు కనిపించేవి, అన్నం మెతుకులు చూసినా చుక్కలే. అక్క మాత్రం రోజూ అచ్చు తీసిన కాగితాలు పట్టుకుని మూయని ట్యాగుల కోసం వెతికేది. పన్నెండో రోజుకు గళ్లు సూటిగా నిలబడ్డాయి.

డైరెక్టరు వచ్చాడు. వెంట బొంబాయి నుంచి ఒక కంప్యూటర్ ఇంజనీరు. గదిలో వాళ్లిద్దరూ, మేనేజరు, నేను, రిజిస్టర్ చంకలో పెట్టుకుని కాకా. తలుపు దగ్గర అక్క, మిగతా ఇద్దరు. పేజీ తెరిచాను. డైరెక్టరు మెల్లగా కిందిదాకా చూశాడు. ఏదో డీలరు పేరు వెతుక్కున్నాడు, దొరికింది. బాగుంది అన్నాడు హిందీలో. అక్కడితో లేచిపోయి ఉంటే ఈ కథే లేదు.

మేనేజరుకు ఉత్సాహం ఆగలేదు. "సర్, మన సిమెంటు సంచి చిలకపచ్చ కదా. ఈ తెల్ల తెరను అదే రంగు చేస్తే ఇంకా బాగుంటుంది. మా అమ్మాయి ఒక్క నిమిషంలో మార్చేస్తుంది."

మార్చడం నాకు నిజంగానే వచ్చు. ఒక్క మాట మారిస్తే చాలు. వచ్చినది చూపించుకోవాలనే ఆరాటంలో ఇంకేదీ తట్టలేదు. గర్వంగా కూర్చుని ఆ ఒక్క మాట మార్చి మళ్లీ తెరిచాను.

చిలకపచ్చ తెర నిండా తెల్ల చుక్కలు లేచాయి. వందలు కాదు, వేలు. అమ్మవారు పోసిన ఒళ్లులాగా అయిపోయింది మా ఫ్యాక్టరీ మొహం.

"ఇవేంటమ్మా?" అన్నాడు మేనేజరు నీరసంగా.

"నేను నంబర్ ఏసినప్పుడు ఇవి లేకుండె," అన్నాడు కాకా వెనకనుంచి.

డైరెక్టరు నా వైపు తిరిగాడు. అబద్ధం కూడా తట్టలేదు నాకు. "అవి ఖాళీలు సర్," అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. మొత్తం చెప్పాను. చెబుతూ తలుపు వైపు చూడలేకపోయాను. నా కుర్చీ పోతే పోయింది, నన్ను పంపిన ముగ్గురికి ఏ మొహంతో కనబడాలి అనిపించింది.

బొంబాయి ఇంజనీరు నన్ను లేవమని తాను కూర్చుని, లోపలి రాతంతా తెరిచి చూశాడు. చాలాసేపు చూశాడు. ఇవన్నీ చేత్తో ఒక్కొక్కటీ కొట్టారా అని అడిగాడు. అవునన్నాను. అప్పుడు నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుని మరీ నవ్వాడు.

నాకు ఒళ్లు మండింది. "నవ్వండి సాబ్. నాకు పన్నెండు రోజులు పట్టిన పని, మీకు నవ్వడానికి ఒక్క నిమిషం పట్టింది. ఈ నెలన్నరలో దీని గురించి తెలిసిన మనిషి ఒక్కరు దొరకలేదు నాకు. మీరు ముందే వచ్చి ఉంటే ఇద్దరం కలిసి నవ్వుకునేవాళ్లం," అన్నాను హిందీలో, టైపు గది గొంతుతో. మేనేజరు కళ్లు మూసుకున్నాడు.

ఆయన నవ్వు ఆపేశాడు. తప్పయిందమ్మా అన్నాడు. తర్వాత చెప్పాడు, ఖాళీలను కొట్టినవి కొట్టినట్టు చూపించే ట్యాగు ఒకటుందట. పట్టిక పైన ఒకటి తెరిచి కింద ఒకటి మూస్తే చాలట. రెండంటే రెండు. నేను గోడకు చేరగిలబడ్డాను. చుక్కలు లేని పాత ఫైలు ఉందా అని అడిగాడు. లేదు. దాని మీదే చుక్కలు కొట్టుకుంటూ పోయాను.

"ఎందుకు లేదు?" అన్నాడు కాకా. రిజిస్టర్ తెరిచి, వేలు పెట్టి వెతికి నంబరు చదివాడు. బీరువా దగ్గరికి తన మామూలు నడకతోనే వెళ్లి, ఎర్ర దారం చుట్టిన ఫ్లాపీ తెచ్చి, దారం విప్పి ఇచ్చాడు. ఇచ్చేముందు నాతో సంతకం పెట్టించుకున్నాడు కూడా.

పైన ఒక ట్యాగు, కింద ఒక ట్యాగు. నాలుగు వందల మంది డీలర్లు బుద్ధిగా వరుసల్లో నిలబడ్డారు. పైగా ఆ ట్యాగు అక్షరాలను అచ్చం టైపు మిషన్ అక్షరాల్లాగా, అన్నీ ఒకే వెడల్పుతో చూపిస్తుందట. తెర మీద నా మిషనే కనబడ్డట్టయింది, సిగ్గు లేకుండా ఏడ్చేశాను.

పేజీ నెత్తిన ఉన్న జావక్ నంబరు చూపించి డైరెక్టరు ఇదేమిటన్నాడు. కాకా ఐదు నిమిషాలు వివరించాడు. ఉండనివ్వండి అన్నాడాయన. బొంబాయి ఇంజనీరు వెళ్తూ వెళ్తూ డైరెక్టరుతో అన్న మాట నాకు వినబడింది. అన్ని వందల ట్యాగుల్లో మూయనిది ఒక్కటి కూడా లేదని, అట్లాంటిది తాను చూడలేదని. ఆ మెప్పు సగం అక్క పెన్సిల్‌కు దక్కాలి, కానీ నేను నోరు తెరవలేదు. కుర్చీ నాకిచ్చారు.

తర్వాతి నెల టేబుల్ పాఠం నేర్చుకున్నాను. అది వచ్చేసరికి ఫ్రేములన్నారు, అవి వచ్చేసరికి అవి పాతబడ్డాయన్నారు. రిటైరయ్యే వారం కూడా ఎవరో కుర్రాడి లాంటి ఆఫీసరు, మేడం ఇది ఇప్పుడిట్లా చేయడం లేదు అన్నాడు. కాబట్టి ఎన్నాళ్లు పడుతుందంటే నాకు తెలియదు. గోడలకు తెలుసేమో. పిల్లలకు చాయ్ ఇచ్చి ఇక్కడిదాకా నవ్విస్తూ చెబుతాను. దీని తర్వాతది చెప్పను.

డైరెక్టరు వెళ్లిన వారానికి మేనేజరు చేతిరాతతో ఒక కాగితం నా టేబుల్ మీద పెట్టి, మాట్లాడకుండా వెళ్లిపోయాడు. కొత్త కుర్చీలో నా మొదటి పని. సర్‌ప్లస్ లిస్టు. మొదటి పేరు అక్కది, కింద మిగతా ఇద్దరివి. పేరు, హోదా, చేసిన ఏళ్లు. శీర్షిక కొట్టగలిగాను. పేరు దగ్గర వేళ్లు ఆగిపోయాయి, తెర అలుక్కుపోయింది.

అక్క ఎప్పుడొచ్చిందో వెనక నిలబడి ఉంది.

"ఏడ్సుకుంట కొడితే తప్పులు పడతయ్. జరుగు."

"వద్దక్కా."

"జరుగమంటున్న గదా."

కూర్చుంది. కంప్యూటర్ ముందు కూర్చోవడం ఆమెకు అదే మొదటిసారి. మీటలు ఒకసారి తడిమి చూసుకుంది, గుడ్డిది మనవడి మొహం తడిమినట్టు. తర్వాత నా వైపు తిరిగి, చిన్నదానికి జ్వరం తగ్గిందా అని అడుగుతూ కొట్టడం మొదలుపెట్టింది. తెర వైపు చూడలేదు. తన పేరు కొట్టింది, తన ముప్పై ఏళ్లు కొట్టింది, మిగతా ఇద్దరివీ కొట్టింది. ప్రతి వరుస చివరా ఆమె ఎడమ చెయ్యి, టైపు మిషన్‌లో కాగితం ఉండే బండిని పక్కకు నెట్టే అలవాటుతో, గాల్లోకి లేచి, అక్కడేమీ లేక మళ్లీ దిగేది. నిమిషాల మీద అయిపోయింది. నాకు నెలన్నర పట్టిన కుర్చీ అది.

అయిపోయాక కాగితం లాగడానికి చెయ్యి చాచింది. కాగితం లేదు.

"కాయితం ఏడున్నదే?"

అచ్చు తీసి ఇచ్చాను. కిటికీ దగ్గరికి తీసుకుపోయి, వెలుతురులో పెట్టి, మేనేజరు రాతతో ఒక్కొక్క మాటా పోల్చి చూసుకుంది. తర్వాత తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది.

"తప్పుల్లేవు," అన్నది. "సంతకానికి పంపు."